సొట్టకు అవతలి వైపు

నన్ను డాలీ అంటారు. అరచేతిలో ఇమిడే ఇనుప దిమ్మను. పుట్టుకకు రైలు పట్టా ముక్కను. పాత ఇనుప సామాన్ల కొట్టులో దొరికితే మా ఉస్తాద్ తెచ్చి కోసి, ఒక ముఖం చదునుగా, ఇంకొకటి గుమ్మటంగా సానపట్టి నన్ను ఇలా చేశాడు. హైదరాబాదులో ఒక టింకరింగ్ షెడ్డు నా ఇల్లు. సొట్ట తీసేటప్పుడు సుత్తి బయటి నుంచి కొడుతుంది, నేను లోపలి నుంచి ఆనుకుని ఉంటాను. పేరంతా సుత్తిదే. కానీ రేకు వెనక ఏ అఘాయిత్యం జరిగిందో చూసేది మాత్రం నేనే.

మా పనిలో ఒక కిటుకుంది. దెబ్బ సరిగ్గా నా మీదే పడితే, మధ్యలో నలిగిన రేకు పలచబడి సాగుతుంది. అలా కాకుండా నన్ను పల్లం కింద ఆనించి, పక్కనున్న మిట్టను కొడితే సాగకుండా సర్దుకుంటుంది. ఈ తేడా చేతికి పట్టుబడేదాకా కుర్రాళ్లు కొట్టిన చోటే కొట్టి రేకును పాడుచేస్తారు. సాగిన రేకు నూనె డబ్బా అడుగులా తయారవుతుంది: వేలితో నొక్కితే టక్కున లోపలికి పోతుంది, వదిలితే టక్కున పైకొస్తుంది. అప్పుడు ఉస్తాద్ గ్యాస్ మంటతో రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కాల్చి, నన్ను కింద పెట్టి, చుట్టూ నాలుగు దెబ్బలు వేసి తడిగుడ్డ అద్దుతాడు. రేకు ముడుచుకుంటుంది. నా ఒళ్లు కాలిన సంగతి ఎవరూ అడగరు.

నేను చేసిన పెద్ద పని లాండ్‌మాస్టర్‌ది. అంబాసిడర్ కంటే ముందు వచ్చిన బండి అది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1954లో తెచ్చారు. మూడో సిరీసే అంబాసిడర్ అయింది, 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో తయారైంది. అందుకే దాని రేకులు వెతికితే దొరుకుతాయి, లాండ్‌మాస్టర్‌వి దొరకవు. మా దగ్గరికొచ్చిన బండికి ఎడమ వెనక మడ్గార్డును తుప్పు తినేసింది.

"అంబాసిడర్‌ది తెచ్చి అతికించేద్దాం ఉస్తాద్, ఎవరు చూస్తారు?" అన్నాడు ఓనరు.

"దానికి ఎనక రెక్క లేస్తది సార్. దీనికి గుండ్రంగ దిగాలె. దూరంకెల్లే దొరికిపోతం."

దొరికిపోతే నామోషీ ఒక్కటే కాదు. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, ఛాసీ, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పుల్లేని బండికే వింటేజ్ గుర్తింపు, 'వీఏ' అక్షరాల నంబరు ప్లేటు. ఓనరు మారు మాట్లాడలేదు.

కంపెనీలో పెద్ద ప్రెస్సు అచ్చుల మధ్య రేకును నొక్కి ఆకారం తీస్తుంది. మాకు అచ్చులెక్కడివి? కుడి మడ్గార్డు వంపులకు అట్టముక్కలు కోసి, వాటిని తిరగేసి ఎడమకు పట్టాడు ఉస్తాద్. కుదరలేదు. కుడిది ఎన్ని గుద్దులు తిని, ఎందరి చేతుల్లో సాపై ఆ రూపానికొచ్చిందో! దాన్నే అసలనుకుంటే తప్పులన్నీ ఎడమకూ వస్తాయి. అందుకని అట్టలు పక్కన పడేసి తలుపు అంచు, డిక్కీ సందు, చక్రం చుట్టుకొలత చూసుకుంటూ కొత్తగా గీత గీశాడు. రోజంతా పట్టింది. షెడ్డులో సుత్తి మోగని ఆ రోజే అసలు పని జరిగిందంటాను.

ఇరవై గేజీ రేకు, మిల్లీమీటరు కంటే కాస్త పలచన. ముక్కలుగా కోసి, ఇసుక సంచి మీద వేసి, కొయ్య సుత్తితో గుంట తిప్పాడు. ఇంగ్లండు షెడ్లలో ఇలాంటి వంపులకు రెండు ఉక్కు చక్రాల యంత్రం ఉంటుంది. చదునైన పై చక్రానికీ ఉబ్బెత్తు కింది చక్రానికీ మధ్య రేకును ముందుకూ వెనక్కూ నడుపుతారు. మా దగ్గర ఉస్తాద్ భుజమే యంత్రం. తర్వాత ముక్కల్ని అంచుకు అంచు చేర్చి గ్యాస్ వెల్డింగ్ పెట్టాడు. ఒకదానిమీద ఒకటి ఎక్కిస్తే పని సులువే గానీ, ఆ సందులో నీరు చేరి మళ్లీ తుప్పు. గ్యాస్ అతుకు మెత్తగా ఉంటుంది కనుక నా మీద పెట్టి సాపు చేయొచ్చు. చివర్లో కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ట్యూబులైటు నీడ ఎక్కడ వంకర పోయిందో చూసి, అక్కడికి నన్ను జరిపేవాడు.

లప్పం వాడలేదా? వాడాడు, పల్చగా. లప్పం మీద నాకు కోపం లేదు. తుప్పును కప్పి వేలెడు మందం మెత్తే చేతుల మీదే కోపం.

లాండ్‌మాస్టర్ వెళ్లిన మర్నాడే ఒక ఫియట్ వచ్చింది. "రేకు గట్టిదే, కొంచెం లప్పం పెడితే చాలు" అన్నాడు దాని ఓనరు. ఉస్తాద్ జేబులోంచి అయస్కాంతం తీసి తలుపు కింది భాగానికి పెట్టాడు. అది పట్టుకోలేదు, జారి నేలమీద పడింది. ఓనరు వంగి అయస్కాంతాన్ని తీసుకుని, ఈసారి తనే ఇంకో చోట పెట్టి చూశాడు. అక్కడా అంతే.

"తలుపు ఇప్పురా," అన్నాడు ఉస్తాద్ కుర్రాడితో.