ఫైట్లో లేవండి, పాటలో కూర్చోండి

పాటలు పాడే కౌబాయ్ సినిమాలు చూడాలనుకుంటే, మంచి సినిమా చూడటానికి నేర్చుకున్న పద్ధతులన్నీ పక్కన పెట్టండి. ఆ పద్ధతులతో కూర్చున్నవాళ్లే 1930ల నాటి ఈ చవక హాలీవుడ్ చిత్రాలను పది నిమిషాల్లో కట్టేసి, పిల్లల సరుకని తేల్చేశారు. కింది సలహాలు తలకిందులుగా అనిపిస్తాయి. అయినా అలాగే చూడండి.

ఫైటింగ్ వస్తే టీకి వెళ్లండి. పాట వస్తే మాత్రం కదలొద్దు. గుర్రాల ఛేజింగులు, బండల చాటున కాల్పులు ఏ కౌబాయ్ సినిమాలోనైనా దొరుకుతాయి. పైగా వాటిలో కొన్ని ముక్కలు పాత సినిమాల్లోంచి తెచ్చి అతికించినవే. జనం టికెట్టు కొన్నది గొంతు కోసం. జీన్ ఆట్రీ టెక్సస్‌లో పుట్టి, ఓక్లహోమాలో రైల్వే టెలిగ్రాఫ్ ఆపరేటరుగా పనిచేసి, రేడియోలోనూ రికార్డుల మీదా పేరు తెచ్చుకున్నాకే తెర మీదికొచ్చాడు. 1934లో వచ్చిన ‘ఇన్ ఓల్డ్ శాంటా ఫే’లో హీరో కెన్ మేనార్డ్. ఆట్రీది కాసేపు కనబడి పాడే వేషం మాత్రమే. మరుసటి ఏడాదికల్లా ఆట్రీయే హీరో అయ్యాడు. నటన తెలియని మనిషిని పాట ఎంత పైకి తెచ్చిందో అక్కడే అర్థమవుతుంది.

పెద్ద పేరు చూసి మొదలుపెట్టకండి. జాన్ వేన్ కూడా 1933లో ‘రైడర్స్ ఆఫ్ డెస్టినీ’లో పాడే కౌబాయ్ వేషం వేశాడు. తుపాకీతో ఎదుటివాడి మీదికి నడుస్తూ పాడతాడు, గొంతు మాత్రం ఇంకొకరిది. పెదవులకూ ఆ గొంతుకూ మధ్య ఉన్న దూరం మీకే తెలిసిపోతుంది.

కథ ఏ కాలంలో జరుగుతోందని లెక్కలు వేయకండి. నాకు ఈ సినిమాల్లో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. ‘పబ్లిక్ కౌబాయ్ నంబర్ 1’ (1937)లో పశువుల దొంగలు విమానంలో తిరిగి మందలను కనిపెడతారు, రేడియోలో కబురు పంపుతారు, మాంసాన్ని శీతల లారీల్లో తరలిస్తారు. వాళ్లను పట్టడానికి బయల్దేరేది గుర్రాల మీద మనుషులు. విమర్శకులు దీన్ని గందరగోళమంటారు. కానీ పల్లెల్లో, చిన్న ఊళ్లలో ఆ సినిమా చూసినవాళ్ల బతుకు అచ్చం అలాగే ఉండేది. ఇంట్లో రేడియో ఉంది, కొట్టంలో గుర్రం ఉంది, నెత్తిన అప్పుంది. కొత్త యంత్రాలతో వచ్చే పెద్దమనుషుల్ని పాత పద్ధతి మనిషి ఓడించడం వాళ్లకు చరిత్ర పాఠం కాదు, ఆ వారం కావలసిన ధైర్యం. 1938లో రాయ్ రోజర్స్ తొలిసారి హీరోగా వచ్చిన ‘అండర్ వెస్టర్న్ స్టార్స్’ చూడండి. నీళ్ల కోసం హీరో ఎన్నికల్లో నిలబడి అమెరికా కాంగ్రెస్‌కు వెళతాడు. అందులో దుమ్ము తుఫాన్ల మీద పాడిన ‘డస్ట్’ అనే పాట ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఎండిపోయిన పొలాల సంగతి పాటలో చెప్పిన సినిమాను పిల్లల సరుకంటే నేను ఒప్పుకోను.

మన ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) ఇటాలియన్ కౌబాయ్‌ల దారిలో వచ్చింది. ఆ ఇటాలియన్ సినిమాల్లోని గడ్డం హీరోను ఈ పాటల సినిమాల్లో వెతకొద్దు. ఇక్కడి హీరో చొక్కాకు ఇస్త్రీ నలగదు, టోపీ కింద పడదు. వెంట లావుపాటి స్మైలీ బర్నెట్ లాంటి హాస్యగాడు ఉంటాడు.

చవకతనాన్ని చూసీ చూడనట్టు వదిలేయకండి, దగ్గరకెళ్లి చూడండి. ఈ చిత్రాలను థియేటర్లకు వాటా మీద కాకుండా ఇంతని ముందే ఖాయం చేసిన అద్దెకు ఇచ్చేవారు. రాబడి దాదాపు ముందే తెలుసు కాబట్టి, ఖర్చు అదుపులో ఉంచితేనే లాభం. అందుకే రోజుల్లో షూటింగ్ ముగించాలి, నిడివి గంట అటూ ఇటూగా ఉండాలి, లాస్ ఏంజిలెస్ పక్కనే ఐవర్సన్ రాంచ్‌లోని అవే బండలు మళ్లీ మళ్లీ కనబడాలి. పది సినిమాలు చూశాక ఆ బండలు మీకు చుట్టాలవుతాయి. ఆ ఇరుకులోనే పాటకు చోటు కల్పించినవాళ్ల పనితనం అప్పుడు కనబడుతుంది.

చిన్న సినిమాయే కదా అని చిన్న ప్రింటు చూడొద్దు. 1950లలో టీవీ వేళలకు సరిపెట్టడానికి ఈ చిత్రాల్లో చాలావాటిని దాదాపు 53 నిమిషాలకు కుదించారు. కత్తెర పడిన వాటిలో పాటలూ ఉన్నాయి. పాడే కౌబాయ్ సినిమాలో పాట తీసేస్తే మిగిలేదేమిటి? ఒకే సినిమాకు రెండు ప్రింట్లు దొరికితే కళ్లు మూసుకుని పొడుగుదే తీసుకోండి.

మొదటి సినిమాగా అన్నిటికన్నా వింతైనదాన్ని ఎంచుకోండి. అంటే 1935 నాటి ‘ద ఫాంటమ్ ఎంపైర్’, పన్నెండు భాగాల సీరియల్. భూమి లోపల మురానియా అనే రాజ్యం, దానికో రాణి, రేకు టోపీల మరమనుషులు. హీరో ఆట్రీ రోజూ వేళకు పైకొచ్చి రేడియోలో పాడకపోతే కాంట్రాక్టు పోతుంది, రాంచ్ చేయిదాటుతుంది. పాతాళంలో ప్రాణాపాయం ఒకవైపు, రేడియో వేళ ఒకవైపు. ఇది మీకు నచ్చితే మిగతావి నచ్చడం తేలిక. నచ్చకపోతే ఇంకో రెండు భాగాలు చూడండి.

ఆ తర్వాత ఎవరేమన్నా హెర్బ్ జెఫ్రీస్‌ను వదలొద్దు. తెర మీది కౌబాయ్‌లు దాదాపు అంతా తెల్లవాళ్లుగా ఉన్న రోజుల్లో ‘హార్లెమ్ ఆన్ ద ప్రెయిరీ’ (1937)తో నల్లజాతి ప్రేక్షకులకు తమ సొంత పాడే కౌబాయ్ దొరికాడు. ఆట్రీ సినిమాల ముందు కూడా వీటి బడ్జెట్ చిల్లరే. ‘ద బ్రాంజ్ బకరూ’ (1939)లో జెఫ్రీస్ ఫోర్ టోన్స్ బృందంతో కలిసి పాడే చోట ఆగండి. మాట్లాడే కంచరగాడిద అని నమ్మించి ఒకడికి అంటగట్టే హాస్యం కోసం మీరు ముందుకు తిప్పాలనుకోవచ్చు. తిప్పకండి. జెఫ్రీస్ గొంతే తర్వాత జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండ్‌లో పాడింది.