తూటాలు కావండీ, పిన్నులు!

భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక. 2022 జూలై 16న అది 71.3 అడుగులకు వచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలించారు. పర్ణశాల దగ్గర మా ఇంటి ముందున్న పాత జీపును మాత్రం ఎవరూ తరలించలేదు. నీళ్లు తీశాక చూస్తే ఇంజను బతికింది. అడుగు రేకు కొంతకాలం బతికినట్టు నటించి, తర్వాత తుప్పుగా రాలడం మొదలుపెట్టింది. కాళ్ల సందులోంచి రోడ్డు కనపడుతుంటే గుంతలు తప్పించడం తేలికే. మా ఆవిడ మాత్రం కాలి చెప్పు ఆ సందులోంచి జారిపోయిన రోజు నుంచి బస్సెక్కుతోంది.

కనుక జీపును టింకరింగ్ షెడ్డుకు చేర్చక తప్పలేదు.

రేకు పనిలో కొట్టడం, కోయడం, అతకడం అందరికీ కనపడతాయి. అసలు తంటా పట్టుకోవడంలో ఉంది. జీపు అడుగుకు వేసే రేకు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. ఒక మూల వెల్డింగ్ వేడి తగిలిందా, అలిగిన పెళ్లికొడుకులా రెండో మూల లేచి కూర్చుంటుంది. అందుకే ముందు రేకును కదలకుండా బిగించి, దూరదూరంగా చుక్కల్లా టాకులు వేసి, ఆ తర్వాతే అతుకు నింపాలి. బిగించడానికి మా మేస్త్రి దగ్గర వైస్ గ్రిప్పులున్నాయి, సీ క్లాంపులున్నాయి, సెల్ఫ్ స్క్రూలున్నాయి, బైండింగ్ వైరుంది. వీటన్నిటికంటే మెరుగైనవాడు షెడ్డు కుర్రాడు. రేకు మీద మోకాలు ఆనించి, ఒక చేత్తో అంచు అదిమి, రెండో చేత్తో ఫోన్ చూస్తూ గంటలకొద్దీ కదలడు. కుర్రాడు టీకి పోతే ఆ ఉద్యోగం బండి ఓనరుది. "మాస్టారూ, జర ఇక్కడ పట్టుకోండి" అంటాడు మేస్త్రి. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, సీ క్లాంపుగా మారడానికి అరనిమిషం పట్టలేదు.

హైదరాబాదులో విమాన భాగాల పని చేసే మా మేనల్లుడు ఇదంతా ఫోన్లో విని నవ్వాడు. "మావయ్యా, దీనికి క్లీకోలుంటాయి" అన్నాడు. రివిట్లు కొట్టేదాకా విమానం రేకుల్ని పట్టి ఉంచే పిన్నులట అవి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల ఫ్యాక్టరీల్లోనూ వాడారట. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్న ఈ కాలంలో మా జీపుకి కుర్రాడి మోకాలేమిటని వాడి బాధ. ఆన్‌లైన్లో ఒక సంచీడు తెప్పించి, పండక్కి వస్తూ తెచ్చాడు.

మిగిలిన రేకు పనికి ఇద్దరం జీపులో మళ్లీ షెడ్డుకు బయల్దేరాం. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవి దగ్గర కాబట్టి మా రోడ్ల మీద తనిఖీలు మామూలే. సంచీ విప్పమన్నారు. లోపల వేలెడు పొడవున రాగిరంగు గొట్టాలు, ఒక్కోదానికి సన్నని మొన. చూసినతని మొహం మారింది.

"ఏంటివి?"

"క్లీకోలు సార్" అన్నాడు మావాడు. ఆ పేరుతో అనుమానం ఇంకాస్త చిక్కబడింది.

"తూటాలు కావండీ, పిన్నులు!" అన్నాను నేను.

చూపించమన్నారు. చూపించాలంటే రేకూ బెజ్జమూ కావాలి. మా జీపులో ఆ రెంటికీ కరువు లేదు. మావాడు ప్రత్యేకమైన పటకారుతో పిన్ను వెనక బొడిపెను నొక్కాడు. ముందున్న రెండు మొనలు బయటికి జరిగి ఒకదానికొకటి అంటుకున్నాయి. ఆ సన్నదనంలో బెజ్జంలోకి దూర్చి పటకారు వదిలాడు. లోపలి స్ప్రింగు మొనల్ని వెనక్కి లాగింది, వాటి మధ్యనున్న పలక రెంటినీ విడదీసింది, అవి కొక్కేల్లా రేకు అడుగును పట్టేశాయి. చెయ్యి అవతలివైపు పెట్టే పనే లేదు. వైస్ గ్రిప్పు అంచులనే కరుస్తుంది, ఇది రేకు నడిమధ్యన కూడా కరుస్తుంది. తనిఖీ చేసినాయన తానూ ఒకటి పెట్టి చూశాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. పక్కాయన్నీ పిలిచాడు. మా వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి.

"అంతా బాగానే ఉంది, బండికిన్ని బెజ్జాలేంటి?" అన్నాడు చివరికి.

"గోదావరి" అన్నాను. వదిలేశారు.

షెడ్డులో పరీక్ష ఇంకా కఠినం. మేస్త్రి ఒక పిన్నును అటూ ఇటూ తిప్పి, "దీన్ని పెట్టాలంటే బెజ్జం కొట్టాలి కదా?" అన్నాడు.

"అవును, మూడు మిల్లీమీటర్ల పైచిలుకు."

"బెజ్జాలు పూడ్చమనే కదా మాస్టారూ బండి తెచ్చారు?"

పిన్ను తీశాక ఆ బెజ్జాన్నీ వెల్డింగుతోనే నింపొచ్చని మావాడు నచ్చజెప్పాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపుతూనే డ్రిల్లు అందుకున్నాడు. జానెడుకొకటి చొప్పున పిన్నులు గుచ్చాక రేకు బల్లపరుపుగా కూర్చుంది. మేస్త్రి సుత్తితో తట్టి చూశాడు, కదల్లేదు. ఒంగి వారగా చూశాడు, వంపు లేదు. మెచ్చుకోవడం ఆయనకి అలవాటు లేదు గనక, "పటకారు కూడా ఇచ్చి పోతారా?" అని మాత్రం అడిగాడు.

మోకాలికి పని పోయిన కుర్రాడి చేతికి ఇనపబ్రష్షు ఇచ్చి, ఛాసిస్ కింద దూరి తుప్పు గోకమన్నాడు. మధ్యాహ్నానికి వాడు ఒళ్లంతా ఎర్రటి పొడితో బయటికొచ్చి, మేస్త్రి వినకుండా నా పక్కకు చేరాడు.

"సారూ, పోయేటప్పుడు ఆ పిన్నులు మర్చిపోకుండా తీస్కపోండి."