కాస్త పక్కకు జరగండి, ప్రకృతి పడట్లేదు

కార్తీకం వచ్చిందంటే మనవాళ్లు వంజంగి కొండకు బయల్దేరతారు. మేఘాలు చూడ్డానికి అని ఎవరైనా అంటే నమ్మకండి. తెచ్చుకోవడానికి.

తెల్లారకముందే పాడేరు నుంచి కార్లు బారులు తీరతాయి. చీకట్లో ఫోను లైటు వేసుకుని, రొప్పుతూ, మోకాళ్లు పట్టుకుని పైకి చేరతారు. రాత్రి చలికి బరువెక్కిన గాలి లోయలోకి జారి మంచుగా కమ్ముకుంటుంది. పైనున్న వెచ్చటి గాలి దాన్ని లేవనివ్వదు. అందుకే గట్టు మీద నిలబడితే కాళ్ల కింద పాలసముద్రం. ఎండెక్కితే అదీ ఉండదు. ఉన్న ఆ కాసేపూ మనకు కనిపించేవి మాత్రం ముందు వరసవాళ్లు ఎత్తిపట్టిన చేతులు.

"అన్నా, కాస్త పక్కకు జరుగుతారా? నేచర్ పడట్లేదు."

జరుగుతారు పాపం. వాళ్ల ఫోటోలో మనం పడకూడదు, మన ఫోటోలో వాళ్లు పడకూడదు. అలా ఒకరినొకరు తప్పించుకుంటూ, ఇంతమంది ఒకే గట్టు మీద తీసిన ఫోటోకి 'ఏకాంతం' అని పేరు పెడతారు. తప్పించుకోలేకపోయిన ఒకటీ అరా తలకాయల్ని ఫోనే చెరిపేస్తుంది. మనం పారేసిన నీళ్ల సీసాల్ని కూడా. కొండ శుభ్రం చేయడం ఇంత తేలికని పంచాయతీవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

1866లో శామ్యూల్ బోర్న్ అనే దొర హిమాలయాల్లో 18,600 అడుగుల ఎత్తున మణిరంగ్ కనుమ దగ్గర ఫోటోలు తీశాడు. గాజు పలకలు, మందుల సీసాలు, చీకటి గుడారం అన్నీ కూలీల వీపుల మీదే ఎక్కాయి. పలకకు మందు పూసి, తడారకముందే ఫోటో తీసి, అక్కడికక్కడే కడగాలి. ఇంత తతంగం ఉంది కాబట్టి ముందు కొండను తేరిపార చూడక ఆయనకు తప్పేది కాదు. మనకా ఖర్మ లేదు. బటన్ నొక్కిపెడితే బొమ్మలు వాటంతటవే పడతాయి. తీరిగ్గా చూసుకోవచ్చు, ఫోనులో జాగా అయిపోయిన రోజున.

ఇంటికొచ్చి చూస్తే అంత కొండా చీమలపుట్టంత ఉంటుంది. ఫోను లెన్సు వెడల్పుగా చూస్తుంది కనుక దూరంగా ఉన్నది చిన్నబోతుంది. ఆ లోటు రంగులతో పూడుస్తారు. ఆకాశానికి నారింజ, మేఘానికి ఊదా. ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే బాబాయి "ఊటీయా?" అంటాడు. పెద్దమ్మ ఏమీ అనదు. మర్నాడు పొద్దున్నే అదే ఫోటో మీద 'శుభోదయం' అచ్చేసి మనకే పంపిస్తుంది.

అసలు బేరం అరకు దారిలో ఉంటుంది. వలిసె చేలు పచ్చగా పూసి ఉంటాయి. నూనెగింజల పంట అది. పువ్వు నిలిస్తేనే గింజ. చేలోకి దిగి, మొక్కల్ని తొక్కి, మధ్యలో కూర్చుని ఫోటో దిగేవాళ్లను ఆపలేక కొందరు రైతులు మనిషికింత అని వసూలు చేయడం మొదలెట్టారు. లక్ష రూపాయల ఫోను చేతిలో పట్టుకున్న పెద్దమనిషి అక్కడ నిర్ఘాంతపోతాడు. "పువ్వులకు కూడా డబ్బులా?" అని గీచి గీచి బేరమాడి, నలుగురికి ఇద్దరి లెక్కన ఇచ్చి, ఫోటోలన్నీ దిగి, కారెక్కాక ఆ చేనుకు ఒక్క స్టార్ రేటింగ్ ఇస్తాడు.