మూడడుగులకు ‘అలౌ’

నర్సీపట్నంలో సెల్‌ఫోను కొనే మనిషిని ఓసారి గమనించండి. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో అడుగుతాడు. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో అడుగుతాడు. టెంపర్డ్ గ్లాసు కింద ఒక్క బుడగ మిగిలినా ఒప్పుకోడు, కుర్రాడి చేత పీకించి మళ్లీ వేయిస్తాడు. వెనక పౌచ్ మీద వెంకన్నబాబు ఉండాలా, అభిమాన హీరో ఉండాలా అన్నదానికి ఇంటిల్లిపాదికీ ఫోన్లు చేసి అభిప్రాయ సేకరణ జరుపుతాడు. అన్నీ అయ్యాక తన బ్యాంకు ఖాతా, తన ఆధారు, పొలం అడంగలు, కూతురి ఈఏపీసెట్ ర్యాంకు, అర్ధరాత్రి భార్యకు కూడా చెప్పకుండా వెతుక్కునే జబ్బుల సందేహాలు ఏ దారిన లోకంలోకి వెళ్తాయో, ఆ బ్రౌజరు సంగతి మాత్రం అడగడు. పొరపాటున అడిగినా కుర్రాడి జవాబు సిద్ధం: “అది ఫోన్లోనే వచ్చేస్తాదండి.”

ఇక చదువుకున్నవాళ్లున్నారు. వీళ్లు అడుగుతారు. “రోజూ వాడుకోడానికి సురక్షితమైన బ్రౌజరు ఏదండీ?” అని అడిగి, జవాబు వినకుండానే తమ బ్రౌజరే గొప్పదని వాదనకు దిగుతారు. కులం, పార్టీ, హీరో తర్వాత కొట్టుకోడానికి నాలుగో వస్తువు దొరికింది. ఇంత వాదనలోనూ అసలు ప్రశ్న ఒక్కరి నోటా రాదు. సురక్షితం సరే, ఎవరి నుంచి?

దొంగ నుంచి అయితే దిగులు లేదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, సఫారీ ఏదైనా సరే, ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకుంటే కాపలా గట్టిగానే కాస్తుంది. అందులోనూ క్రోమ్ ఆ పని బ్రహ్మాండంగా చేస్తుంది, కాదన్నవాడు అబద్ధమాడినట్టే. మనమే సైటు చిరునామా పక్కన తాళం బొమ్మ కనిపిస్తే చాలు, సైటు మంచిదని నమ్మేశాం. తాళం ఉంటే మీరు పంపేది దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే లెక్క. అవతల కూర్చున్నవాడు పెద్దమనిషి అని కాదు. దొంగ సైటు కూడా పైసా ఖర్చు లేకుండా సర్టిఫికెట్ తెచ్చుకుని తాళం తగిలించుకుంటుంది. జనం ఆ తాళాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారని గ్రహించి, క్రోమ్ 2023 సెప్టెంబరులో ఆ బొమ్మనే ఎత్తేసింది. మన జాగ్రత్తల కరపత్రాలు మాత్రం “తాళం చూసి ముందుకు సాగండి” అని ఇంకా హితబోధ చేస్తూనే ఉన్నాయి.

కాపలావాడి నుంచి కాపాడేదెవరన్నదే చిక్కు ప్రశ్న.

క్రోమ్ చేసిన కంపెనీ గూగుల్ బతికేది ప్రకటనల మీద. మీరు ఏ సైటుకెళ్తారో, ఏది చూసి నోరూరుతుందో తెలిస్తేనే దానికి పూట గడుస్తుంది. అదే కంపెనీ ‘ఇన్‌కాగ్నిటో’ అని ఓ చీకటి గది కట్టించింది. టోపీ, నల్ల కళ్లద్దాల బొమ్మ పెట్టింది. లోపలికెళ్తే మనల్నెవరూ చూడరని జనం నమ్మారు. అక్కడా చూస్తూనే ఉన్నారని 2020లో అమెరికాలో దావా పడింది. అలా పోగుపడిన వందల కోట్ల రికార్డులు చెరిపేస్తానని కంపెనీ 2024 ఏప్రిల్‌లో రాజీకొచ్చింది. ఆ గది గుమ్మం మీద రాతా మార్చింది: సైట్లు, మా సేవలతో సహా, మీ సమాచారం సేకరించే పద్ధతి దీనివల్ల మారదు అని. మిరపకాయ టపా పంపి మరీ పోలీసు స్టేషన్ల మీదికెళ్లిన అల్లూరి సీతారామరాజు తిరిగిన నేల మనది. చెప్పి వచ్చే మర్యాద ఎలా ఉంటుందో మనకు ఒకరు నేర్పక్కర్లేదు.

వేరే సైట్ల కుకీలు మిమ్మల్ని ఊరంతా వెంటాడకుండా రెండేళ్లలో ఆపేస్తానని 2020 జనవరిలో ఇదే కంపెనీ మాటిచ్చింది. వాయిదా మీద వాయిదా వేసి, 2024 జూలైలో ఆ మాట గట్టున పెట్టింది. సఫారీ ఆ పనిని 2020 మార్చిలోనే చేసేసింది. మాట ఇచ్చేదొకరు, నిలబెట్టేది ఇంకొకరు. మన ఎన్నికల మేనిఫెస్టోలు కంపెనీల దాకా ఎగబాకాయని సంతోషించాలి.

మిగతావాళ్లు పుణ్యమూర్తులనుకోకండి. ప్రైవసీయే ప్రాణమనే బ్రేవ్, క్రిప్టో సైటు చిరునామా టైపు చేస్తుంటే చివర తన కమిషన్ కోడ్ అతికిస్తూ 2020లో దొరికిపోయి క్షమాపణ చెప్పుకుంది. వైరస్ నుంచి రక్షిస్తానన్న అవాస్ట్, తన వినియోగదారులు చూసిన సైట్ల చిట్టా అమ్ముకున్నందుకు 2024లో అమెరికా ప్రభుత్వానికి కోటీ అరవై అయిదు లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. స్వేచ్ఛకు జెండా పట్టిన ఫైర్‌ఫాక్స్ వారి మొజిల్లాకు ఆదాయంలో సింహభాగం వచ్చేది ఎవరి దగ్గర్నుంచో తెలుసా? గూగుల్ దగ్గర్నుంచే. ప్రతిపక్షం జీతం పాలకపక్షం ఖజానాలోంచి వస్తోందన్నమాట.

మన చరిత్ర కూడా తక్కువది కాదు. డేటా పొదుపని ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లు యూసీ బ్రౌజరు వాడాయి. దాని ఇంగ్లిష్ వెర్షన్లో వెతికే మాటలు ఎన్‌క్రిప్షన్ లేకుండా బయటికి పోతున్నాయని 2015లోనే టొరంటో విశ్వవిద్యాలయం వారి సిటిజన్ ల్యాబ్ బయటపెట్టింది. ఎవరి చెవికీ ఎక్కలేదు. గల్వాన్ ఘర్షణ తర్వాత 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా ఆప్‌లను నిషేధించినప్పుడు అందులో అదీ ఉంది. అన్నాళ్లూ దాని ఉడత బొమ్మను ముద్దు చేసినవాళ్లంతా రాత్రికి రాత్రి వీరజవాన్లయిపోయి, దాన్ని డిలీట్ చేస్తున్న వీడియోలు పెట్టారు. మన గుట్టు బయటపడుతోందంటే కదలని వేలు, దేశభక్తి అనగానే చురుగ్గా కదిలింది.

ఈ మొత్తం వ్యవహారానికి మూలకథ మన నర్సీపట్నం బలిఘట్టంలోనే ఉంది. వరాహ నది ఉత్తరానికి తిరిగే చోట, బ్రహ్మలింగేశ్వరుడి సన్నిధిలో బలి చక్రవర్తి యాగం చేశాడని మన పెద్దల నమ్మకం. ఆయన దగ్గరికి పొట్టి వడుగు ఒకడు గొడుగేసుకొచ్చి మూడంటే మూడడుగులు చాలన్నాడు. ఇప్పుడు బ్రౌజర్లో తెరుచుకునే ప్రతి సైటూ ఆ వడుగే. “మీరెక్కడున్నారో తెలుసుకోవచ్చా?” ఒక అడుగు. “మీకు నోటిఫికేషన్లు పంపొచ్చా?” రెండో అడుగు. “మీ కెమెరా, మైకు వాడుకోవచ్చా?” మూడో అడుగు. కొత్త సినిమా ఊరికే చూద్దామని వెళ్లినవాడు ‘అలౌ, అలౌ, అలౌ’ అని ముమ్మారు ధారపోస్తాడు. మర్నాటి నుంచి అరగంటకోసారి “మీ ఫోన్లో 13 వైరస్‌లున్నాయి” అని వామనుడు పెరగడం మొదలెడతాడు. ఆ వైరస్‌లు వదిలించుకోడానికి మనవాడు ఇంకో ఆప్ వేస్తాడు. ఎవడో వాట్సాప్‌లో పంపిన ‘పీఎం కిసాన్’ ఏపీకే ఫైలూ వేస్తాడు. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి దానికీ ఇస్తాడు. ఓటీపీ తనకంటే ముందు దొంగ చదువుతాడు. బ్యాంకులో డబ్బు పాతాళానికి పోతుంది.

ఈ కథలో మనం మరిచిపోయిన మనిషి బలి గురువు శుక్రాచార్యుడు. దానం వద్దని చెప్పి చూశాడు, బలి వినలేదు. కమండలంలో దూరి నీటి ధారకు అడ్డుపడ్డాడు. ప్రపంచంలో మొట్టమొదటి యాడ్ బ్లాకరు ఆయనే. అప్పుడు దర్భపుల్లతో పొడిచి ఒక కన్ను పోగొట్టారు. ఈ కాలంలో ప్రకటనలకూ, వెంటాడే కోడ్‌కూ అడ్డుపడే శుక్రాచార్యుడి పేరు యూబ్లాక్ ఆరిజిన్. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చి 2024, 2025 సంవత్సరాల్లో దాన్ని పనిచెయ్యకుండా చేసింది. ఆ దర్భపుల్ల పేరు మానిఫెస్ట్ వీ3. ఎందుకు పొడిచారయ్యా అంటే మీ భద్రత కోసమే అన్నారు. సగం పనిచేసే ‘లైట్’ శుక్రాచార్యుణ్ణి మాత్రం మిగిల్చారు, ఒక్క కంటితో. ఒక తేడా ఉంది. నాడు దర్భ పట్టినవాడు దేవుడు. నేడు పట్టినవాడు ప్రకటనలు అమ్ముకునేవాడు.

సరే, విదేశీయుల్ని నమ్మలేం, స్వదేశీ బ్రౌజరు చేసుకుందామని కేంద్ర ప్రభుత్వం 2023 ఆగస్టులో పోటీ పెట్టింది. మొత్తం బహుమతులు 3.41 కోట్ల రూపాయలు. 2025 మార్చిలో ఫలితాలొచ్చాయి, కోటి రూపాయల మొదటి బహుమతి జోహోకు దక్కింది. మంచిదే, మన కంపెనీ, అభినందించాలి. జోహో వారి ఉలా బ్రౌజరు లోపలున్న ఇంజను మాత్రం గూగుల్ పెంచి పోషించే క్రోమియం. ఇందులో జోహోను ఒక్కదాన్నే అనడానికి లేదు. ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, శామ్‌సంగ్ వారి బ్రౌజరు అన్నిటి కడుపులోనూ అదే ఇంజను. వేరే ఇంజను కావాలంటే ఫైర్‌ఫాక్స్ ఉంది, యాపిల్ వారి సఫారీ ఉంది. పది దుకాణాలు తిరిగి ఒకే మిల్లు బియ్యం కొనుక్కుని, ఏ రకం రుచో అని తగువులాడుకుంటున్నాం.

ఆ పోటీలో అసలు షరతు ఇంకోటుంది. ఇందాకటి తాళం సర్టిఫికెట్లకు భారత ప్రభుత్వం తరఫు పెద్ద, సీసీఏ, వేసే మూల ముద్రను ఆ బ్రౌజరు నమ్మి తీరాలి. మిగతావాళ్లు నమ్మరా? దానికో కథ. ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ సర్టిఫికెట్ విభాగం నుంచి గూగుల్ సొంత చిరునామాల పేరిట దొంగ సర్టిఫికెట్లు బయటికొచ్చినట్టు 2014 జూలైలో గూగుల్ పట్టుకుంది. జారీ ప్రక్రియలోకి ఎవరో చొరబడ్డారని సీసీఏ చెప్పింది. ఆ ముద్రను గవ్.ఇన్, ఎన్‌ఐసీ.ఇన్ లాంటి ఏడు చిరునామాలకే పరిమితం చేస్తూ క్రోమ్ గిరి గీసింది. ఫైర్‌ఫాక్స్ ఆ ముద్రను మొదట్నుంచీ తన జాబితాలో చేర్చుకోనే లేదు కనుక దానికి చీమ కుట్టినట్టయినా లేదు. లోకం నమ్మకాన్ని తిరిగి సంపాదించుకోవడం కష్టం. నమ్మకం షరతుగా పెట్టి బ్రౌజరు రాయించడం తేలిక. ప్రభుత్వం తేలిక దారి పట్టింది.

ఢిల్లీలో ముద్రల గొడవ అలా ఉండగా, మన దగ్గరి నెట్ సెంటర్లో పాలన ఎలా నడుస్తోందో చూడండి. కంప్యూటర్లో విండోస్ 7. దాని మీద క్రోమ్ 109, ఆపైన ఎక్కదు. 2023 నుంచి ఆ విండోస్‌కు కొత్త క్రోమ్ రావడం లేదు. ఇక అప్‌డేట్లు రావని పైన పట్టీ కనిపిస్తుంది. కుర్రాడు ఈగను తోలినట్టు దాన్ని మూసేస్తాడు.

“బాబూ, పీఎం కిసాన్ పడిందో నేదో సూడు.”

“ఓటీపీ వచ్చుంటాది, చెప్పు తాతా.”

తాత చెప్పడు, చదువుతాడు. ఆరంకెలూ వీధి అవతలి టీకొట్టు దాకా వినపడతాయి. ‘పాస్‌వర్డ్ సేవ్ చెయ్యమంటారా?’ అంటుంది బ్రౌజరు. ‘సేవ్’ నొక్కేస్తాడు కుర్రాడు, తాత మళ్లీ రాకపోతాడా అని. తాత లేచాక వచ్చిన అమ్మాయికి ఆ తాత పేజీ ఇంకా తెరిచే ఉంటుంది. ఆధార్ కాపీ డెస్క్‌టాప్ మీద ‘స్కాన్ 47’ పేరుతో శాశ్వత నివాసం ఏర్పరచుకుంటుంది. తప్పు కుర్రాడిది అందామా? ప్రతి పథకాన్నీ ఆన్‌లైన్‌కు ఎక్కించినవాళ్లు, కంప్యూటరు లేని తాతకు ఆ కుర్రాడు తప్ప ఇంకో దారి ఉంచారా? ఏదైనా పోయిన రోజున మాత్రం “మీ అజాగ్రత్త వల్లే” అని రాసి ఫైలు మూసేస్తారు.

ఈ అజాగ్రత్త ఊరికే పుట్టింది కాదు, డబ్బు పోసి పెంచింది. ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చ్ ముందే కూర్చుని ఉండేందుకు గూగుల్ 2021లో ఒక్క ఏడాదిలో 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టు విచారణలో బయటపడింది. ఆనాటి రేటుకు రెండు లక్షల కోట్ల రూపాయలకు కాస్త తక్కువ. 2021–22లో ఆంధ్రప్రదేశ్ బడ్జెట్టు 2.29 లక్షల కోట్లు. జీతాలు, పింఛన్లు, రోడ్లు, ఆసుపత్రులు కలిపి ఒక రాష్ట్రాన్ని ఏడాదిపాటు నడిపే సొమ్ముకు దగ్గర దగ్గర మొత్తాన్ని, జనం సెట్టింగ్స్‌లోకి వెళ్లరన్న నమ్మకం మీద పందెం కాశారు. మన బద్ధకానికి ఇంత రేటుందని ముందే తెలిస్తే రచ్చబండ మీద కూర్చునేవాళ్లంతా ఇన్‌కం ట్యాక్స్ కట్టేవాళ్లు.

తన ఆప్‌ల మూట మొత్తాన్ని, క్రోమ్‌తో సహా, తీసెయ్యడానికి వీల్లేకుండా ఫోన్లలో ముందే పెట్టించడం తప్పని మన కాంపిటీషన్ కమిషన్ కూడా 2022 అక్టోబరులో తేల్చి, గూగుల్‌కు 1,337.76 కోట్లు జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ ఆ జరిమానాను సమర్థించింది. యూరప్‌లో 2024 మార్చి నుంచి ఏ బ్రౌజరు కావాలో ఫోనే మనిషిని అడగాలని చట్టం. మన దగ్గర అదే మార్చిలో డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా బయటపెట్టారు. ముసాయిదాలు మనకు కొదవా?

కాబట్టి ఫోను అడగకపోయినా మీరే అడగండి. ఫైర్‌ఫాక్స్ దించుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా అందులో యూబ్లాక్ ఆరిజిన్ రెండు కళ్లతోనూ పనిచేస్తుంది, క్రోమ్ ఫోన్లో ఏ ఎక్స్‌టెన్షన్‌నీ రానివ్వదు. డిఫాల్ట్ బ్రౌజరు మార్చండి. అప్‌డేట్ అంటే వెయ్యండి. ‘అలౌ’ దగ్గర ‘బ్లాక్’ నొక్కండి. ఏపీకే పంపినవాడు బావమరిదైనా సరే వెయ్యకండి. నెట్ సెంటర్లో లేచేముందు లాగౌట్ చేయించండి. డబ్బు పోతే సిగ్గుపడకుండా ఆ నిమిషమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను కొట్టండి. ఇదంతా కలిపి అరగంట పని. ఆ అరగంట మీరు కూర్చోరని నమ్మి రెండు లక్షల కోట్లు పందెం కాసినవాళ్లున్నారు. కూర్చోండి. ఒక్కసారైనా వాళ్ల డబ్బు పోనివ్వండి.