పోపు పెడితే కోపమట!

మొత్తానికి ఆటలమ్మక్కూడా సైన్సు వచ్చేసింది. ఆ వీడియో మీ ఫోనుకీ వచ్చే ఉంటుంది. రాకపోతే సాయంత్రానికల్లా వస్తుంది, మీ ఆడపడుచో తోడల్లుడో పంపకుండా ఊరుకోరు. గుమ్మానికి వేపమండలు కట్టడం క్వారంటైనట. పసుపునీళ్లు శానిటైజరట. మందు వేయకపోవడం ఇమ్యూనిటీ అట. చివర్లో శంఖం ఊది, మన పూర్వీకులు మామూలోళ్లు కాదని మనకి తెలియజేస్తారు. మా మేనకోడలి కొడుకు, రెండేళ్లవాడు, ఒంటినిండా పొక్కులతో రాత్రంతా ఏడ్చి అప్పుడే కళ్లు మూసిన వేళకి అది నా ఫోన్లో పడింది. పంపిన పెద్దమనిషి కింద రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాడు. నేనూ జోడించాను.

సరే, క్వారంటైనే అనుకుందాం. క్వారంటైనంటే జనం రాకూడదు కదండీ? మా పెనుగొండలో వేపమండ కట్టిన గుమ్మం కనపడితే చాలు, వీధి వీధంతా చెప్పులు విప్పుకుని లోపలికొచ్చేస్తుంది. "అమ్మోరొచ్చిందంట కదండీ, ఓసారి దణ్ణం పెట్టుకుని పోదామని" అంటూ చంకల్లో పిల్లల్ని వేసుకుని మరీ వస్తారు. ఒకావిడైతే నిండు చూలాలైన కోడల్ని వెంటబెట్టుకొచ్చింది, దీవెన కోసం. కానుపుకి అయిదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత దాకా తల్లి ఒంటిమీద ఈ పొక్కులు లేస్తే పుట్టిన బిడ్డ ప్రాణానికే ముప్పు. గుమ్మంలోనే ఆపేశాను. అప్పట్నుంచి వీధిలో నాకు నాస్తికుడని పేరు. అయినా ఆ మండ కట్టేసరికే పుణ్యకాలం దాటిపోయి ఉంటుంది. పొక్కు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే గాలిలో ఇది పక్కవాళ్లకి అంటుకుంటుంది.

ఇదంతా ఓర్చుకున్నాను. నా ఒళ్లు మండింది పోపు దగ్గర.

అమ్మోరున్న ఇంట్లో పోపు పెట్టకూడదు. ఇది మా వైపు రాజ్యాంగం కంటే గట్టి చట్టం, దీనికి సవరణలుండవు. నూనె కాగకూడదు, ఆవాలు చిటపటలాడకూడదు, ఎండుమిరపకాయ ఘాటు లేవకూడదు. ఎందుకండీ అంటే, మూకుట్లో ఆవాలు చిట్లితే పిల్లాడి ఒంటిమీద పొక్కులూ చిట్లుతాయట. మూకుడికీ వీపుకీ మధ్య ఈ వైరింగు ఎవరు లాగారో, కనెక్షను ఎప్పుడిచ్చారో ఎవరూ చెప్పరు.

మొదట మేనకోడలి వంటింట్లో పోపు ఆగింది. ఉత్తపప్పు, పెరుగన్నం. పోనీలే, పిల్లాడికీ అదే మంచిది. తర్వాత పక్క వాటావాళ్ల పోపు ఆగింది. ఆ తర్వాత ఎదురింటాయన, పాపం ఏ ధ్యాసలో ఉన్నాడో, చారులో ఇంగువ తిరగమోత వేసుకున్నాడు. గాలి ఇటు వీచింది. సరిగ్గా ఆ సాయంత్రమే పిల్లాడి వీపుమీద కొత్త పొక్కులు లేచాయి. ఇంకేం కావాలి? నేరం రుజువైపోయింది. ఎదురింటాయన చారు గిన్నెతో సహా ముద్దాయి.

కొత్త పొక్కులు లేవడం ఈ జబ్బు నడక, నాయనలారా. మూడు నాలుగు రోజులపాటు విడతలు విడతలుగా లేస్తాయి. ఒకే వీపుమీద ఇక్కడ ఎర్రమచ్చ, దాని పక్కన నీటిపొక్కు, ఆ కిందే ఎండిన చెక్కు, మూడూ ఒక్కసారే కనిపిస్తాయి. డాక్టర్లు ఆనవాలు పట్టేది దాన్ని చూసే. మశూచిలో అలా కాదు, ఒకచోట లేచిన పొక్కులన్నీ ఒకే దశలో ఉండేవి. ఎదురింటాయన చారు మానేసి గంజి తాగినా ఆ విడత లేచి తీరేదే.

ఇంకో లెక్క చెబుతాను. వైరస్ ఒంట్లో దూరిన 10 నుంచి 21 రోజులకి గానీ పొక్కు బయటపడదు. అంటే నేరం ఈ వారంలో జరగలేదు. వెనక్కి లెక్కేస్తే, ఆ రోజుల్లో మావాడు ఇరగవరం వైపు ఓ పెళ్లిలో ఉన్నాడు. అక్కడ పనసపొట్టు కూరకి ఆవ పెట్టారు. పులిహోరకి పోపు పెట్టారు. బూరెలు నూనెలో దేవారు. అమ్మోరు కిమ్మనలేదు. మన జిల్లాలో పెళ్లిభోజనానికి అడ్డుచెప్పాలంటే ఏ దేవతకైనా కాస్త ధైర్యం కావాలి మరి.

అసలు మాది ఏ ఊరు? వాసవీ కన్యకా పరమేశ్వరి ఊరు. దేశం నలుమూలల నుంచీ అమ్మవారి దర్శనానికి జనం దిగే ఊరు. ఏ అమ్మవారి గుడికెళ్లినా పెట్టే ప్రసాదం పులిహోర. అందులో పోపు తక్కువైతే పూజారిగారినే నిలదీస్తాం. గుళ్లో పోపుని ఆరగించే తల్లి మా మేనకోడలి వంటింటి పోపు మీద పగబట్టిందని తీర్పు చెప్పినవాళ్లెవరు? పంచాయతీ చివరికి ఓ రాజీ కుదిర్చింది. సందు చివర ఎవరింట్లోనైనా పోపు పెట్టుకుని, చల్లారాక మూతపెట్టి తెచ్చుకోవచ్చట. హైదరాబాదు నుంచి వచ్చిన అల్లుడుగారొకాయన "ఎయిర్ ఫ్రయర్ అయితే పర్లేదాండి?" అని అడిగాడు. దాని మీద పెద్దలు ఇంకా ఆలోచిస్తున్నారు.

నవ్వుకుంటున్నారు కదా? నేనూ నవ్వుకునేవాణ్ణే, ఈ పోపు నేరం చివరికి ఎవరి నెత్తిన పడిందో చూసి ఉండకపోతే. ఎదురింటాయనకి ఒక్క పూటలో క్షమాభిక్ష దొరికింది. దొరకనిది పిల్లాడి తల్లికి. వీడియో కాల్లో అత్తగారు, గుమ్మంలో పిన్నిగారు, మెట్ల మీద మామ్మగారు. ముట్టుగుడ్డలు ఎక్కడ ఆరేశావు? తలకి నూనె రాశావా? దువ్వెన ముట్టావా? మొక్కు ఏదైనా మరిచావా? కంటిమీద కునుకు లేని ఆ పిల్ల ఒక్కోదానికి జవాబు చెప్పుకుంటోంది, దొంగతనం చేసినదానిలా. పిల్లాడి తండ్రిని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన పోపు పెట్టడు కదా.

ఇంకెక్కువ మండిపోయే సంగతి మందుది. జ్వరానికి మందు వేస్తే అమ్మోరు లోపలికి తిరగబెడుతుందట. ఎక్కడికండీ తిరగబెట్టేది? రెండేళ్లవాడు. ఎక్కడ నొప్పో చెప్పలేడు. ఒళ్లు కాలిపోతోంది. నోట్లో, అంగిట్లో కూడా పొక్కులు చిట్లి పుళ్లయ్యాయి. పెరుగన్నం ముద్ద చల్లగా, మెత్తగా చేసి చెంచాతో పెడితే నాలుక తగలగానే మొహం తిప్పేసుకుంటున్నాడు. నీళ్లు గుటక వేసినా ఏడుపే. తల్లోకి చేతులు పోకుండా వాళ్లమ్మ వాడి రెండు చేతులకీ మేజోళ్లు తొడిగింది. వాడు వాటిని పళ్లతో లాగి, చెవి వెనక పొక్కుని గోకి, గోటికి అంటిన తడిని వాళ్లమ్మకి చూపించి "అబ్బూ" అన్నాడు. ఆ పిల్లాడికి, ఆ బరువుకి తగ్గ మోతాదులో, పారాసెటమాల్ ఇవ్వకూడదని చెప్పే నోరు ఏ దేవత పేరు ఎత్తినా సరే, నేను దానికి దణ్ణం పెట్టను.

స్నానమూ వద్దట, అమ్మోరు దిగేదాకా. దురద, చెమట, గోకిన పుళ్లు, దానిమీద మన గోదావరి ఉక్క. ఈ జబ్బులో పిల్లలకి ఎక్కువగా వచ్చే చిక్కు గోకిన చోట చీము పట్టడం. రోజూ గోరువెచ్చని నీళ్లు పోసి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది, గోళ్లు పొట్టిగా కత్తిరించి, ఆ గులాబీరంగు కాలమైన్ లోషను పూస్తే చాలు, పిల్లాడు రెండు గంటలు నిద్రపోతాడు. ఆ నీళ్లలో నాలుగు వేపాకులు వేసుకుంటారా, వేసుకోండి. నాకు వేపచెట్టుతో తగాదా లేదు. కానీ వేపనూనె నోట్లో పోయమనే మహానుభావులున్నారు చూడండి, పసిపిల్లలకి అది పోస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికొచ్చిన కేసులు 1980ల నాటికే వైద్య పత్రికలకి ఎక్కాయి.

మందు వద్దన్నారు కాబట్టి నిజంగానే మందు జోలికి పోరా అంటే, అదీ లేదు. మర్నాటికి భయం పట్టుకుని, డాక్టరుకి చూపించకుండా చాటుగా మందులషాపుకి పరిగెడతారు. "దురదకేదైనా ఇవ్వండి" అంటే అవతలివాడు చీటీలేకుండా చేతిలో పెట్టే చిన్న బిళ్ల స్టెరాయిడ్ అయితే ఏమవుతుంది? ఒంట్లో పోరాడే శక్తిని అది అణిచేస్తే, వారంలో పోయే ఆటలమ్మ ఊపిరితిత్తుల దాకా పోగలదు. జ్వరానికి ఆస్పిరిన్ ఇస్తే మెదడుకీ కాలేయానికీ ముప్పు, దాని పేరు రేయ్ సిండ్రోమ్. ఐబుప్రొఫెన్ కూడా ఈ జబ్బులో మంచిది కాదు. వీడియోలో శంఖం ఊదినాయన ఈ మూడు ముక్కలు చెప్పి ఉంటే నేనే పదిమందికి పంపేవాణ్ణి.

ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి ఆటలమ్మ చాలావరకు దానంతటదే తగ్గుతుంది. సరిగ్గా అందుకే ఈ వ్యాపారం నడుస్తోంది. వారం పదిరోజుల్లో తగ్గిపోయే జబ్బుకి ఏం చేసినా పనిచేసినట్టే ఉంటుంది. పోపు మానేసినా తగ్గుతుంది, పోపు తాగినా తగ్గుతుంది. తగ్గితే గొప్ప పూర్వీకులది, తగ్గకపోతే తప్పు కోడలిది. కొందరికి మాత్రం తగ్గదు. మగతలోకి జారిపోతారు, వాంతులు ఆగవు, ఎగశ్వాస వస్తుంది, నడిచే పిల్లాడు తూలి పడిపోతుంటాడు, పొక్కు చుట్టూ ఎర్రగా వాచి వేడెక్కుతుంది, నాలుగు రోజులు దాటినా జ్వరం వదలదు. అప్పుడు పిల్లాణ్ణి తణుకో పాలకొల్లో తీసుకుపోవాల్సింది పోయి, "అమ్మోరు ఆవహించింది" అని హారతి పట్టేవాళ్లని ఏమనాలి? నేను అనే మాట పత్రికలో వేయరు.

ఇక ఆ పూర్వీకుల సంగతి. వాళ్లంటే నాకు మీకంటే ఎక్కువే గౌరవం. బెంగాల్లో టీకాదార్లు ఊరూరా తిరిగి, మశూచి పొక్కు రసాన్ని జబ్బులేనివాళ్ల చేతిమీద గాటు పెట్టి ఎక్కించేవాళ్లని హాల్వెల్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1767లోనే రాశాడు. అంటే చేతిమీద గాటు పెట్టించుకున్నది మన పూర్వీకులే. 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాప ఈ దేశంలో మొదటి మశూచి టీకా వేయించుకుంది. చివరికి 1975లో పెద్దమ్మవారిని, అదే మశూచిని, ఈ దేశం పొలిమేర దాటించింది ఆ టీకాయే. 1980లో ప్రపంచమంతటా లేదని తేల్చారు. ఏ వీధిలో పోపు మానేసి సాధించాం దాన్ని? పూర్వీకుల సైన్సు కావాలంటే ఇక్కడికి గంట దూరం లేని భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారున్నారు. ఆయన మీద వీడియో ఎవరూ పంపరు, అందులో శంఖం పట్టదు కాబోలు.

పొక్కుల పిల్లాడికి పూలదండ వేసి స్టేటస్ పెట్టేవాళ్ల గురించి రాయడం కూడా దండగ.

"నేచురల్‌గా వస్తేనే మంచిదండి, జీవితాంతం రక్షణ" అని ఇంకో జాతి బయల్దేరింది, కావాలని పిల్లల్ని తెచ్చి పక్కన ఆడిస్తారు. ఆ నేచురల్ వైరస్ పొక్కులతో పాటు వెళ్లిపోదు, నరాల్లో దాక్కుంటుంది. ముసలితనంలో మీ నాన్నగారికి నడుంచుట్టూ మంటలు పుట్టించే సర్పి అదే. జీవితాంతం అన్న మాట నిజమే.

జపాన్ ఆయన మిచియాకి తకహాషి కూడా ఓ తండ్రే. 1964లో అమెరికాలో ఉండగా మూడేళ్ల కొడుక్కి ఆటలమ్మ తీవ్రంగా వచ్చింది. మొగుడూ పెళ్లాం రాత్రింబవళ్లు మంచం దగ్గర కూర్చున్నారు. పిల్లాడు కోలుకున్నాడు. ఆయన పదేళ్లు పాటుపడి 1974లో టీకా తయారుచేశాడు. ఎవరి పోపు వల్ల వచ్చిందని విచారణ మాత్రం జరిపించలేదు.

ఆ టీకా మన దగ్గర ఉంది. 15 నెలలకి ఒకటి, 18, 19 నెలలప్పుడు రెండోది వేయించమని పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. కానీ సర్కారు వారి ఉచిత జాబితాలో తట్టుకి టీకా ఉంది గానీ దీనికి లేదు. బయట ఒక్కో డోసు రెండువేల పైమాటే. మా మేనకోడలు వేయిద్దామంటే, "రెండువేలు తగలేసి అమ్మోరిని అడ్డుకుంటావా?" అని అత్తవారింట్లో నోరు మూయించారు. ఇప్పుడు అమ్మోరి పేరిట కొబ్బరికాయలు, చీర, రవికలగుడ్డ, మొక్కులు అన్నీ కలిపి ఎంతయ్యాయో నేను అడగలేదు. అడిగితే మళ్లీ నాస్తికుణ్ణవుతాను. కూలిపనికెళ్లే తల్లికి ఆ రెండువేలు ఎక్కడివి అని అడగాల్సింది మాత్రం ప్రభుత్వాన్ని. తీరికంతా పక్కింటి పోపు వాసన పట్టడానికే సరిపోతుంటే దాన్ని అడిగేదెవరు?

ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే, ఏడాది దాటి, ఆటలమ్మ రాకుండా, టీకా పడకుండా ఉంటే, మొదటివాడికి పొక్కులు కనపడిన మూడు రోజుల్లోపు, మహా అయితే అయిదు రోజుల్లోపు, డాక్టరునడిగి టీకా వేయించండి. ఆ బిడ్డకి జబ్బు రాకపోవచ్చు, వచ్చినా పైపైన పోవచ్చు. శంఖం వీడియోకి రెండో భాగం ఆదివారం వస్తుందట. మీరు దానికోసం ఆగకండి.