రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య

నన్ను ఇక్కడ అందరూ ఐఎల్ఆర్ అంటారు. గోదావరి ఒడ్డున ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాలు దాచే ఫ్రిజ్‌ని. నా తలుపు ముందువైపు కాదు, పైన ఉంటుంది. తెరిచినా చల్లదనం కిందనే నిలుస్తుంది. లోపలి గోడల చుట్టూ మంచు పొర ఉంది కాబట్టి కరెంటు రోజుకు ఎనిమిది గంటలున్నా నాకు చాలు. పొద్దున, సాయంత్రం ఫార్మసిస్టు వచ్చి ఎన్ని డిగ్రీలుందో చూసి పుస్తకంలో రాసుకుంటారు. బీసీజీ, పోలియో చుక్కలు, పెంటావాలెంట్... 2021 దాకా నేను కాపాడినవి ఎక్కువగా పసిపిల్లల మందులే.

ఆ ఏడాది జనవరి 16న దేశమంతటా కోవిడ్ టీకా మొదలైంది. పూణెలో తయారైన కోవిషీల్డ్, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్ నా బుట్టల్లోకి చేరాయి. కోవిషీల్డ్‌లో ఉన్నది చింపాంజీల నుంచి తీసి, మన ఒంట్లో పెరగకుండా మార్చిన వేరే వైరస్. కరోనా స్పైక్ ప్రొటీన్ తయారుచేసే జన్యువును అది మోసుకెళ్తుంది. కోవాగ్జిన్‌లో కరోనా వైరస్ మొత్తం ఉంటుంది, కానీ రసాయనంతో చంపేసినది.

మార్చిలో అరవై దాటినవాళ్ల వంతు వచ్చింది. షుగర్ ఉన్న ఒక రైతు ఏఎన్ఎంని అడిగారు: "నాకు దసరాలోనే వచ్చి తగ్గిపోయింది కదమ్మా, ఇంకా సూదెందుకు?"

ఆమె డాక్టరు గారి వైపు చూసింది. "జబ్బు వచ్చి తగ్గినా రక్షణ ఉంటుందండీ," అన్నారాయన. "కాకపోతే ఎవరికెంత వచ్చిందో తెలీదు. కొందరికి గట్టిగా ఉంటుంది, కొందరికి పేరుకే. టీకా వేస్తే ఉన్నది బలపడుతుంది."

ఆ బలపడటం ఎలాగో చెప్పాలి, ఎందుకంటే నేను కాపాడే ప్రతి చుక్కా దానికోసమే. వైరస్ వచ్చినా, టీకా పడినా, లింఫు గ్రంథుల్లో యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు పోటీ పడతాయి. చిన్న చిన్న మార్పులతో పెరుగుతూ, స్పైక్‌ను గట్టిగా పట్టుకునేవే మిగులుతాయి. పంటపంటకీ మంచి వెన్నులు ఏరి విత్తనానికి ఉంచే రైతు పని లాంటిదే ఇది. ఈ ఏరివేత నెలల తరబడి సాగుతుంది. జబ్బు చేసి తగ్గినవాళ్లకు కొన్ని నెలల తర్వాత టీకా పడితే, అప్పటికే ఏరి ఉంచిన జ్ఞాపక కణాలు ఒక్కసారిగా పెరుగుతాయి. వాటిలో కొన్ని, వైరస్ కాస్త రూపం మార్చుకున్నా పట్టుకోగలవు.

ఏప్రిల్, మే నెలల్లో కరోనా వైరస్ డెల్టా రూపం విరుచుకుపడింది. ఆ తర్వాత జూన్, జూలైలలో ఐసీఎంఆర్ జరిపిన సర్వేలో 67.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. వాళ్లలో చాలామందికి అవి జబ్బు ద్వారా వచ్చినవే. ఆ రక్షణకు పల్లెలూ పట్నాలూ ఏం చెల్లించాయో వేరే చెప్పాలా?

నవంబరులో ఒమిక్రాన్ అనే మరో రూపం బయటపడింది. దాని స్పైక్‌లో ముప్పైకి పైగా మార్పులు. పాత యాంటీబాడీలకు అది సరిగా దొరకలేదు. టీకా వేయించుకున్నవాళ్లకూ, ఒకసారి జబ్బు పడినవాళ్లకూ మళ్లీ సోకింది. "టీకా పనిచేయలేదు" అన్నారు చాలామంది. అది న్యాయం కాదు. మన ఒంట్లోని టి కణాలు, వైరస్ సోకిన కణాలను అందులోని వైరస్ ముక్కలను బట్టి గుర్తుపడతాయి. ఆ ముక్కల్లో ఎక్కువ భాగం మారలేదు. సోకడం ఆగలేదు గానీ, చాలామందికి ఊపిరితిత్తుల దాకా ముదరలేదు.

అనేక అధ్యయనాలను కలిపి చూసిన లెక్క 2023లో లాన్సెట్ ఇన్ఫెక్షస్ డిసీజెస్‌లో వచ్చింది. అది ఒమిక్రాన్ కాలపు లెక్క. ఒకసారి జబ్బు పడిన ఏడాదికి, మళ్లీ సోకకుండా ఉండే రక్షణ సుమారు 25 శాతానికి పడిపోయింది. తీవ్రం కాకుండా కాపాడే రక్షణ మాత్రం 75 శాతం దగ్గర నిలిచింది. జబ్బూ టీకా రెండూ ఉన్నవాళ్లకు అవి 42, 97 శాతం. ఈ అంకెలు చూసి, ముందు జబ్బు తెచ్చుకుంటే మేలనుకోవడం ఘోరం. మొదటిసారి బతికి బయటపడినవాళ్లే ఈ లెక్కలోకి వచ్చారు.

ఆ రైతు ఈ లెక్కల కోసం ఆగలేదు. మార్చిలో మొదటి డోసు, ఏప్రిల్‌లో రెండోది వేయించుకున్నారు. 2022 జనవరి 10న ముందుజాగ్రత్త డోసు మొదలైంది. రెండో డోసుకు తొమ్మిది నెలలు నిండగానే భార్యను కూడా వెంటబెట్టుకుని వచ్చారు. "ఈవిడకు జబ్బు రాలేదమ్మా, బీపీ ఉంది. ముందు ఈవిడకే వెయ్యండి," అన్నారు. ఏఎన్ఎం నా తలుపెత్తి కొత్త వయల్ తీసింది.