కిన్నెరసానిలో గాలిమరలు

నీళ్ల మీద గాలిమర పెడితే భూసేకరణ అక్కర్లేదట. ఎవరి పొలమూ పోదట, ఎవరూ కోర్టుకెక్కరట. పెద్ద సరస్సుల్లో గాలి కరెంటు గురించి మాట్లాడేవాళ్లు ముందుగా చెప్పే సుగుణం ఇదే. ఇంత సుఖం ఉందని తెలిశాక, పాల్వంచ పక్కన 407 అడుగుల పూర్తి నీటిమట్టం పెట్టుకుని కిన్నెరసాని డ్యాం ఊరికే పడుకుంటే ఎలా?

నెదర్లాండ్స్‌లో ఐసెల్‌మీర్ సరస్సు నడుమ 89 మరలు నిలబెట్టారు, 2021 నుంచి తిరుగుతున్నాయి. అక్కడ ఉత్తర సముద్రపు గాలి. మనకేమో మే నెల, వేపకొమ్మ కూడా కదలని కొత్తగూడెం మధ్యాహ్నాలు. గాలి వేగం సగమైతే కరెంటు సగం రాదు, ఎనిమిదో వంతే వస్తుంది. ఈ లెక్క మర చేసేవాడికి తెలుసు. శిలాఫలకానికి తెలియదు, దాని మీద చెక్కేది స్థాపిత సామర్థ్యమే. గట్టి నేల మీద, గాలి ఉన్న పరిగి లాంటి చోట్ల పెట్టినవన్నీ కలిపినా తెలంగాణ మొత్తానికి 128 మెగావాట్లే అన్నది వేరే సంగతి.

అమెరికాలో క్లీవ్‌లాండ్ దగ్గర ఎరీ సరస్సులో ఆరంటే ఆరు మరల కోసం ఏళ్లపాటు తంటాలు పడి, పక్షుల గొడవా కోర్టు కేసులూ పెరిగిన ఖర్చూ తట్టుకోలేక 2023 డిసెంబరులో ఆపేశారు. చాదస్తం! కిన్నెరసాని అభయారణ్యమే, కానీ మన మొసళ్లు రిట్లు వేయవు. మరలెత్తే క్రేను ఓడ ఒక్కటే చిక్కు. అది గోదావరి ఎదురెక్కి, పోలవరం గట్టు మీంచి దూకి, బూర్గంపాడు దగ్గర వాగులోకి మళ్లి, చివర్న డ్యాం ఎక్కాలి.

అసలు ఈ నీళ్లు ఆగిందే కరెంటు కోసం. కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం, అదే కేటీపీఎస్‌కు దాహం తీర్చేది ఇవే. 2018లో వచ్చిన ఏడో దశ ఒక్కటే 800 మెగావాట్లు. ఆ కరెంటు దూరాలకు పోతుంది. ఇదే జిల్లా అడవిలో ఉన్న కొన్ని గుత్తికోయ ఆదివాసీ గుంపులకు మాత్రం అటవీ అనుమతి లేదని స్తంభం పడదు. డ్యాం నడుమ వంద మీటర్ల మరకు అనుమతి దొరుకుతుందేమో గానీ, గూడెంలో ఎనిమిది మీటర్ల స్తంభానికి దొరకదు.

కాబట్టి విద్యుత్ శాఖకు నా మనవి: ఆ స్తంభానికే రెండు రేకు రెక్కలు తగిలించి, కాగితం మీద గాలిమర అని రాసి పంపండి. ఫైలు కదులుతుంది.